అడుగుల లెక్క

తూర్పు తెల్లవారక ముందే ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం మేల్కొంటుంది. ఆర్ట్స్ కళాశాల ముందున్న విశాలమైన దారిలోను, ల్యాండ్‌స్కేప్ గార్డెన్ పరిసరాల్లోను, చెట్ల కింద చీకటి ఇంకా విడిపోని రోడ్ల మీద తార్నాక, హబ్సిగూడ, విద్యానగర్, సీతాఫల్‌మండి వాసులు ఒక్కొక్కరుగా కనిపిస్తారు. 1918లో ఏర్పడిన విశ్వవిద్యాలయమిది. గులాబి రంగు రాతితో కట్టిన ఆర్ట్స్ కళాశాల భవనం 1939లో ప్రారంభమైంది. అప్పట్లో ఊరికి దూరంగా ఉన్న ఈ ఆవరణను నగరం పెరిగి చుట్టుముట్టింది. చదువుల కోసం వెలసిన చోటు ఇరుగుపొరుగు పేటలకు గాలి పీల్చుకునే చోటు కూడా అయింది. పెద్దలు నడుస్తారు. వసతి గృహాల విద్యార్థులు పరుగెత్తుతారు. పోలీసు ఉద్యోగాల దేహదారుఢ్య పరీక్షకు సిద్ధమయ్యే యువతీయువకులు వారికంటే వేగంగా పరుగెత్తుతారు.

వీరిలో కొత్తగా పరుగు మొదలుపెట్టినవారిని గుర్తుపట్టడం తేలిక. బయలుదేరే ముందు వారు ఒక్క క్షణం ఆగి, ఫోన్‌ను ముఖానికి దగ్గరగా తెచ్చుకొని, తెరమీద ఒకచోట వేలు నొక్కుతారు. అప్పటినుంచి ఆ ఫోన్ వారి వెంట ఉండే లెక్కలగుమాస్తా. కిలోమీటరు పూర్తి కాగానే ఎంత దూరం వచ్చారో, ఎంతసేపట్లో వచ్చారో చెబుతుంది. పరుగు ముగిశాక వచ్చిన దారిని పటం మీద రంగుగీతగా గీసి చూపిస్తుంది. స్ట్రావా, రన్‌కీపర్, నైక్ రన్ క్లబ్ వంటి పేర్లతో ఇలాంటి యాప్‌లు ఎన్నో ఉన్నాయి. రన్‌కీపర్ 2008లోను, స్ట్రావా 2009లోను మొదలయ్యాయి. ఇవి చెప్పే లెక్క ఎలా పుడుతుంది, దానిని ఎంతవరకు నమ్మవచ్చు, ఎక్కడ నమ్మకూడదు అన్నవి కొత్తగా పరుగు ప్రారంభించే ప్రతివారూ తెలుసుకోవలసిన విషయాలు.

దూరాన్ని అడుగులతో కొలవడం మానవుడికి నిన్న మొన్న అబ్బిన విద్య కాదు. క్రోసు, ఆమడ, యోజనం అన్న మాటలు మన పెద్దల నోట నిన్నటిదాకా వినిపించినవే. క్రోసంటే ఎంతో, ఆమడంటే ఎన్ని క్రోసులో ప్రాంతానికొక లెక్క ఉండేది. గ్రీకు వీరుడు అలెగ్జాండర్ సేనల వెంట అడుగులు లెక్కపెట్టడమే వృత్తిగా గలవారు నడిచారు. వారిని ‘బెమటిస్టులు’ అనేవారు. మన దేశంలో ఈ విద్యను పరాకాష్ఠకు చేర్చినవాడు కుమావూఁ పర్వత ప్రాంతానికి చెందిన నైన్‌సింగ్ రావత్. పరదేశీయులకు ప్రవేశం లేని టిబెట్‌ను సర్వే చేయడానికి బ్రిటిష్ సర్వే శాఖ అతనికి శిక్షణ ఇచ్చి పంపింది. ఎత్తయినా పల్లమైనా ఒకే కొలత గల అడుగు వేయడం అతడు సాధన చేశాడు. అలాంటి అడుగులు సుమారు 2000 వేస్తే ఒక మైలు. చేతిలోని జపమాలకు 108 పూసలకు బదులు 100 పూసలే ఉండేవి. ప్రతి నూరు అడుగులకు ఒక పూస జరిపేవాడు. మాల ఒక చుట్టు తిరిగితే 10,000 అడుగులు, అంటే దాదాపు అయిదు మైళ్లు. చూసేవారికి అది జపం, అతనికి కొలత. 1866 జనవరిలో అతడు లాసా చేరాడు. 1877లో లండన్‌లోని రాయల్ జాగ్రఫికల్ సొసైటీ అతనికి స్వర్ణపతకం ఇచ్చి గౌరవించింది.

ఆ 10,000 అన్న సంఖ్య మరో రూపంలో మళ్లీ లోకం ముందుకు వచ్చింది. 1965లో జపాన్‌లోని ఒక సంస్థ నడుముకు తగిలించుకొనే అడుగుల మీటరును అమ్మకానికి పెట్టింది. దాని పేరు ‘మన్పోకెయ్’. పదివేల అడుగుల మీటరు అని ఆ మాటకు అర్థం. నేటికీ ఎన్నో ఫోన్లు రోజుకు పదివేల అడుగులు వేయమని ప్రోత్సహిస్తున్నాయి. ఆ లక్ష్యం తొలుత వైద్య పరిశోధన నుంచి కాక ఒక వస్తువు పేరునుంచి వచ్చిందని తెలిసినవారు తక్కువ. పరిశోధన తరువాత జరిగింది. 2019లో హార్వర్డ్ పరిశోధకులు వయసు మళ్లిన స్త్రీలను పరిశీలించి, రోజుకు దాదాపు 4400 అడుగులు వేసేవారిలోనే మరణాల రేటు గణనీయంగా తగ్గిందని, 7500 దాటాక అదనపు ప్రయోజనం పెద్దగా కనిపించలేదని చెప్పారు. నడక మంచిదే. పదివేలు అన్న గీతకు మాత్రం మహత్తు ఏమీ లేదు.

నేటి ఫోన్‌లో అడుగులను లెక్కించే పని గోరంత చిప్ చేస్తుంది. శరీరం పైకి లేచి కిందికి దిగేటప్పుడు కలిగే కుదుపును అది గ్రహిస్తుంది. కుదుపులు ఒక లయలో వస్తే వాటిని అడుగులుగా జమ వేస్తుంది. అందుకే గతుకుల రోడ్డు మీద ఆటోలో కూర్చున్న మనిషికి కూడా ఒక్కొక్కసారి కొన్ని అడుగులు జమ పడుతుంటాయి! పరుగు యాప్ ఈ చిప్‌ను ఒక్కదానినే నమ్ముకోదు. దానికి అసలు ఆధారం ఆకాశంలో ఉంది.

అమెరికా నెలకొల్పిన జీపీఎస్ వ్యవస్థలో మొదటి ఉపగ్రహం 1978లో కక్ష్యకు చేరింది. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున, రోజుకు రెండుసార్లు చొప్పున భూమిని చుట్టివచ్చే ఈ ఉపగ్రహాలు కనీసం 24 ఉండాలి. ప్రతి ఉపగ్రహంలోను అణుగడియారం ఉంటుంది. తానెక్కడ ఉన్నదీ, తన గడియారంలో సమయం ఎంతైనదీ ఆ ఉపగ్రహం నిరంతరం ప్రకటిస్తూ ఉంటుంది. ఆ సంకేతం కాంతివేగంతో, అంటే సెకనుకు దాదాపు మూడు లక్షల కిలోమీటర్ల వేగంతో ఫోన్‌ను చేరుతుంది. బయలుదేరిన సమయానికీ చేరిన సమయానికీ ఉన్న తేడాను బట్టి ఆ ఉపగ్రహం ఎంత దూరంలో ఉందో ఫోన్ గణిస్తుంది. మూడు ఉపగ్రహాల దూరాలు తెలిస్తే మనిషి ఉన్న చోటు తెలియాలి. కాని ఫోన్‌లోని గడియారం అణుగడియారం కాదు. అది సెకనులో పదిలక్షలవ వంతు తప్పినా లెక్కలో 300 మీటర్ల తేడా వస్తుంది. ఆ తప్పును సవరించుకోవడానికి నాలుగో ఉపగ్రహం కావాలి. ఇంకొక విశేషం. ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం ప్రకారం ఆ ఎత్తున, ఆ వేగంతో తిరిగే గడియారాలు భూమి మీది గడియారాలకంటే రోజుకు దాదాపు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి. దానిని సరిచేయకపోతే ఒక్క రోజులో పది కిలోమీటర్లకు పైగా తప్పు పేరుకుపోతుంది. ఆర్ట్స్ కళాశాల ముందు ఆయాసపడుతూ పరుగెత్తే విద్యార్థి జేబులో ఐన్‌స్టీన్ సిద్ధాంతం పనిచేస్తూనే ఉన్నదన్నమాట.

మొదట్లో సామాన్యులకు అందే సంకేతంలో అమెరికా ప్రభుత్వం కావాలనే కొంత దోషాన్ని కలిపేది. 2000 మే నెల మొదట్లో ఆ పద్ధతిని నిలిపివేసింది. ఆ నిర్ణయమే లేకపోతే పరుగు యాప్‌లు పుట్టేవే కావు. నూరు మీటర్ల వరకు తప్పగల కొలతతో ఎవరు మాత్రం పరుగు పందెం కడతారు? భారతదేశం కూడా సొంత వ్యవస్థను సమకూర్చుకొంది. 2013 జూలై 1న మొదటి ఉపగ్రహాన్ని, 2016 ఏప్రిల్‌లో ఏడవ ఉపగ్రహాన్ని ఇస్రో ప్రయోగించింది. ఈ వ్యవస్థకు ‘నావిక్’ అని పేరు పెట్టారు. విదేశాలనుంచి తెచ్చిన అణుగడియారాలు కొన్ని ఉపగ్రహాల్లో చెడిపోవడంతో, దేశంలోనే తయారైన రుబీడియం గడియారాన్ని అమర్చిన కొత్త తరం ఉపగ్రహాన్ని 2023 మే నెలలో పంపారు.

ఈ ఉపగ్రహాలతో అత్యంత సూక్ష్మమైన కొలత జరిగే చోటు ఒకటి తార్నాకకు కూతవేటు దూరంలోనే ఉంది. హబ్సిగూడ నుంచి ఉప్పల్‌కు పోయే రోడ్డు మీద, 1961లో స్థాపించిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉంది. దాని ఆవరణలో జీపీఎస్ సంకేతాలను రేయింబవళ్లు అందుకొనే శాశ్వత కేంద్రం ఒకటి నెలకొల్పారు. ప్రపంచమంతటా వ్యాపించిన అలాంటి కేంద్రాల సమూహంలో దీని సంకేతనామం హెచ్‌.వై.డి.ఇ. ఇక్కడి యాంటెన్నా అంగుళం కూడా కదలకుండా స్థిరంగా నిలబడి ఉంటుంది. అయినా దాని స్థానం ఏటేటా మారుతూ ఉంటుంది! భారత భూఫలకం మొత్తం ఏడాదికి సుమారు అయిదు సెంటీమీటర్ల చొప్పున ఈశాన్య దిశగా జరుగుతూ ఉండడమే అందుకు కారణం. హిమాలయాలను పైకి నెట్టిన కదలిక ఇదే. ఏడాదికి బెత్తెడైనా లేని ఆ కదలికను ఆ పరికరం పట్టుకోగలదు.

అదే ఉపగ్రహాలను చూస్తున్న ఫోన్ మాత్రం చక్కని ఆరుబయట కూడా దాదాపు అయిదు మీటర్ల మేర పొరబడుతుంది. ఈ తేడాకు కారణం ఉపగ్రహాలది కాదు. పరిశోధన కేంద్రంలోని యాంటెన్నా పెద్దది, ఖరీదైనది. అది ఒకేచోట రోజుల తరబడి, సంవత్సరాల తరబడి వింటుంది. అలా చేరిన సమాచారాన్ని శాస్త్రజ్ఞులు తీరికగా వడపోస్తారు. ఫోన్‌లోని యాంటెన్నా చిటికెన వేలంత. పైగా అది చెమట పట్టిన చేతిలోనో, జేబులోనో ఊగుతూ, సెకనుకొకసారి అప్పటికప్పుడు జవాబు చెప్పాలి. దానికి వాతావరణపు పై పొరలు, చెట్ల గుబురులు, భవనాలు తోడవుతాయి. ఉపగ్రహ సంకేతం నేరుగా రాక గోడకు తగిలి వస్తే, వచ్చిన దారి పొడవెక్కి, ఫోన్ తాను మరోచోట ఉన్నట్లు భ్రమిస్తుంది.

తార్నాకలో ఈ భ్రమను ఎవరైనా చూడవచ్చు. నాగోలు నుంచి తార్నాక మీదుగా వెళ్లే మెట్రో రైలు మార్గం 2017 నవంబరులో ప్రారంభమైంది. మెట్టుగూడ నుంచి తార్నాక వైపు మెట్రో వంతెన కింద పరుగెత్తి వచ్చిన మనిషి యాప్‌లోని పటాన్ని తెరిస్తే, తిన్నగా వచ్చిన దారి కాస్తా గీతలో వంకరటింకరగా కనిపిస్తుంది. ఒకచోట ఎదుటి దుకాణాల్లోకి దూరినట్లు, మరొకచోట రోడ్డును అడ్డంగా దాటి వెనక్కు వచ్చినట్లు ఉంటుంది. యాప్ సెకనుకొక చుక్క పెట్టి, ఆ చుక్కలను కలిపిన గీత పొడవునే దూరంగా చెబుతుంది. చుక్కలు అటూ ఇటూ చెదిరితే గీత సాగుతుంది. పరుగెత్తిన దానికంటే దూరం ఎక్కువగా నమోదవుతుంది. చుక్కలు మరీ అరుదుగా పడితే మలుపులు కోసుకుపోయి దూరం తగ్గుతుంది. ప్రాంగణంలోని బయలు దారుల్లో ఈ దోషం తక్కువ. ఈ ఉదయం ప్రాంగణంలోను, మరుసటి ఉదయం వంతెన కిందను పరుగెత్తి, ఆ రెండు అంకెలనూ పోల్చి సంతోషించినా, దుఃఖించినా ఒకటే. ఆ రెండు కొలతలూ ఒకే కొలబద్దతో తీసినవి కావు.

ఇంత చిన్న తేడాతో మునిగిపోయేదేమిటి అనిపించవచ్చు. సరదాకు పరుగెత్తేవారికి ఏమీ మునిగిపోదు. ఉద్యోగం కోసం పరుగెత్తేవారి సంగతి వేరు. 2022లో వెలువడిన తెలంగాణ పోలీసు నియామక ప్రకటనలో దేహదారుఢ్య పరీక్షకు పురుషులు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలోను, స్త్రీలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలోను పూర్తి చేయాలని నిర్ణయించారు. ఒక యువకుడు యాప్ చూసుకొంటూ సాధన చేస్తున్నాడనుకొందాం. యాప్‌లో 1600 మీటర్లు 7 నిమిషాల 10 సెకన్లలో పూర్తయినట్లు కనిపిస్తుంది. అయిదు సెకన్లు మిగిలాయని అతడు నిశ్చింతగా ఉంటాడు. ఆ యాప్ నూటికి మూడు వంతులు ఎక్కువ చూపుతున్నదైతే, అతడు నిజంగా పరుగెత్తినది సుమారు 1553 మీటర్లే. అదే వేగంతో అసలైన 1600 మీటర్లు పూర్తి చేయడానికి అతనికి దాదాపు 7 నిమిషాల 23 సెకన్లు పడుతుంది. మైదానంలో గడియారం 7.15 దగ్గర ఆగుతుంది. నెలల తరబడి ప్రాంగణంలో పడ్డ శ్రమ ఎనిమిది సెకన్ల వెనుక మిగిలిపోతుంది. అతని కాళ్లలో లోపం లేదు. లోపం అతడు నమ్మిన కొలతలో ఉంది.

యాప్ తెరమీద మరొక అంకె కొత్తవారిని తికమక పెడుతుంది. బస్సు వేగాన్ని గంటకు ఇన్ని కిలోమీటర్లని చెప్పుకోవడం అందరికీ అలవాటు. పరుగులో అందుకు తలకిందులుగా, ఒక కిలోమీటరుకు ఎన్ని నిమిషాలని చెబుతారు. దీనికి ‘పేస్’ అని పేరు. మూడు కిలోమీటర్లు 24 నిమిషాల్లో పరుగెత్తితే పేస్ 8 నిమిషాలు. గంటకు ఏడున్నర కిలోమీటర్ల వేగమన్నమాట. ఈ అంకె తగ్గితే వేగం పెరిగినట్లు. పరుగు మధ్యలో యాప్ చూపే తాత్కాలిక పేస్ క్షణక్షణం ఎగిరెగిరి పడుతుంది. దానిని చూస్తూ అడుగు మార్చుకోవడం అవివేకం. పరుగు మొత్తానికి వచ్చిన సగటు కొంత నయం. ప్రాంగణం రోడ్లలో ఎత్తుపల్లాలు ఉన్నాయి. ఎత్తు ఎక్కేటప్పుడు పేస్ పడిపోవడం సహజం, అది బలహీనత కాదు.

గుండె వేగాన్ని చేతి గడియారాలు చెబుతాయి. వాటి అడుగున ఆకుపచ్చ వెలుగు మిణుకుమిణుకుమంటుంది. గుండె కొట్టుకొన్నప్పుడల్లా మణికట్టు చర్మం కింద రక్తం పొంగుతుంది. ఆ రక్తం పీల్చుకొనే వెలుగులోని హెచ్చుతగ్గులను బట్టి గడియారం స్పందనలను లెక్కిస్తుంది. పట్టీ వదులుగా ఉంటే ఈ లెక్క చెడుతుంది. ఆ తరువాత యాప్ ‘220లోనుంచి వయసు తీసివేయండి’ అన్న సూత్రంతో గరిష్ఠ స్పందనను నిర్ణయిస్తుంది. పదిహేడేళ్ల విద్యార్థికి అది 203. ఇది సగటు లెక్క. ఒక మనిషికీ మరొక మనిషికీ పది పన్నెండు స్పందనల తేడా ఉండడం మామూలే. యంత్రం అవసరం లేని పరీక్ష ఒకటుంది. పరుగెత్తుతూ పక్కవారితో పూర్తి వాక్యం మాట్లాడగలిగితే ఆ వేగం కొత్తవారికి తగినది. రెండు మాటలకే ఊపిరి తెగితే వేగం ఎక్కువైనట్లు.

కేలరీల లెక్క అన్నింటికంటే బలహీనమైనది. 2017లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఏడు రకాల మణికట్టు పరికరాలను పరీక్షించారు. ఆరింటిలో గుండె వేగం లెక్క నూటికి అయిదులోపు తేడాతో సరిపోయింది. ఖర్చయిన శక్తి లెక్కలో మాత్రం అన్నింటికంటే మెరుగైన పరికరమే సగటున నూటికి 27 వంతులు తప్పింది. అన్నింటికంటే నాసిరకం పరికరం 93 వంతులు తప్పింది. స్థూలంగా చెప్పాలంటే శరీర బరువులో కిలోకు, పరుగెత్తిన కిలోమీటరుకు ఒక కిలోకేలరీ చొప్పున ఖర్చవుతుంది. 55 కిలోల బరువున్న విద్యార్థి మూడు కిలోమీటర్లు పరుగెత్తితే అది 165. దారిలో ఆగి తిన్న ఒక పెద్ద సమోసా దానిని తిరిగి ఇచ్చేస్తుంది. ఈ విషయంలో కూడా తార్నాకకు ఒక విశిష్టత ఉంది. 1918లో కూనూరులో చిన్న పరిశోధన విభాగంగా మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ తార్నాకలోనే, విశ్వవిద్యాలయం ప్రక్కనే ఉంది. భారతీయుల ఆహారంలో ఏ పదార్థంలో ఏమున్నదో కొలిచి గ్రంథస్థం చేసిన సంస్థ అది. ఇడ్లీ, పప్పు, జొన్నరొట్టె వంటి మన వంటకాల పోషక విలువలు తెలిపే ‘న్యూట్రిఫై ఇండియా నౌ’ అనే యాప్‌ను ఆ సంస్థ 2019లో విడుదల చేసింది. విదేశీ యాప్‌లో ఇడ్లీని వెదకి, దొరకక, బ్రెడ్డు ముక్కగా నమోదు చేసుకొనేవారికి ఇది ఉపకరిస్తుంది.

ఇక యాప్‌ల వల్ల కొత్తవారికి కలిగే నిజమైన మేలు ఏమిటి? నెమ్మదిగా మొదలుపెట్టమని అవి చెప్పగలగడమే. 1996లో జాష్ క్లార్క్ అనే అమెరికన్ యువకుడు, పరుగు అలవాటు లేని తన తల్లిని దృష్టిలో పెట్టుకొని తొమ్మిది వారాల ప్రణాళికను రచించాడు. కుర్చీలో కూర్చున్న మనిషిని అయిదు కిలోమీటర్ల పరుగుకు చేర్చడం దాని ఉద్దేశం. మొదటి వారంలో అయిదు నిమిషాలు వడిగా నడవాలి. తరువాత 60 సెకన్లు పరుగు, 90 సెకన్లు నడక. అలా మార్చి మార్చి ఇరవై నిమిషాలు. వారానికి మూడు రోజులు మాత్రమే. మిగిలిన రోజులు విశ్రాంతి. తరువాత ఈ ప్రణాళిక ఎన్నో యాప్‌లలోకి చేరింది. బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవ దీని ఆధారంగా సొంత యాప్‌నే తయారు చేసింది. 2007లో ఏర్పడిన హైదరాబాద్ రన్నర్స్ సంఘం కూడా ఇదే పద్ధతిలో నగరంలో కొత్తవారికి శిక్షణ తరగతులు నిర్వహించింది.

అరవై సెకన్ల పరుగు పదిహేడేళ్ల వారికి నవ్వు తెప్పించవచ్చు. గుండె, ఊపిరితిత్తులు కొత్త శ్రమకు కొన్ని వారాల్లోనే అలవాటు పడతాయి. ఎముకలు, ఎముకలను కండరాలతో కలిపే స్నాయుబంధాలు అంత త్వరగా గట్టిపడవు. ఊపిరి ‘ఇంకా పరుగెత్తగలను’ అంటుంది, మోకాలి కింది ఎముక ‘ఇక చాలు’ అంటుంది. కొత్తవారు ఎక్కువగా దెబ్బతినేది ఈ రెంటి మధ్య సందులోనే. వారానికి పదిశాతానికి మించి దూరం పెంచరాదని చాలాకాలంగా ఒక మాట ప్రచారంలో ఉంది. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో కొత్త పరుగరులపై జరిపిన పరిశోధన ఫలితం 2008లో వెలువడింది. పదిశాతం నియమం పాటించినవారిలోను, పాటించనివారిలోను అయిదింట ఒక వంతు మంది గాయపడ్డారు. తేడా కనబడలేదు. 2025లో డెన్మార్క్ పరిశోధకులు జీపీఎస్ గడియారాల్లో నమోదైన 5,200 మందికి పైగా వ్యక్తుల పరుగులను పరిశీలించి మరొక సంగతి చెప్పారు. వారం మొత్తం లెక్కకంటే ఒక్కనాటి దుడుకే ప్రమాదకరమట. గడచిన ముప్పై రోజుల్లో పరుగెత్తిన అతిపెద్ద దూరాన్ని ఏదో ఒక రోజున పదిశాతానికి మించి దాటినవారిలో గాయాలు పెరిగాయి. నాలుగు కిలోమీటర్లు అలవాటైన మనిషి ఆదివారం మిత్రుల ప్రోద్బలంతో ఏడు కిలోమీటర్లు పరుగెత్తడం ఇలాంటిదే. ఇది తెలిసిందీ యాప్‌లలో నిక్షిప్తమైన లెక్కల వల్లనే. ఆ సంగతి కూడా చెప్పుకోవాలి.

మిత్రుల ప్రోద్బలాన్ని ఈ యాప్‌లు ఫోన్‌లోకే తెచ్చాయి. ఎవరు ఎంత పరుగెత్తారో అందరికీ కనిపిస్తుంది. మెచ్చుకోళ్లు వస్తాయి, పతకాల బొమ్మలు వస్తాయి. ఇన్ని రోజులుగా ఎడతెగకుండా పరుగెత్తుతున్నారని ఒక అంకె పెరుగుతూ పోతుంది. ఆ గొలుసు తెగుతుందేమోనన్న భయంతో జ్వరం వచ్చిన రోజున, మే నెల ఎండలో సైతం బయలుదేరేవారు ఉన్నారు. గొప్ప కోసం ఎంత దూరమైనా పోతారనడానికి 2024లో ఇండోనేషియా నుంచి వచ్చిన వార్త చాలు. అక్కడ కొందరు డబ్బిచ్చి తమ ఖాతాలో వేరొకరిచేత పరుగెత్తించుకొన్నారు. అలా కిరాయికి పరుగెత్తేవారికి ‘స్ట్రావా జాకీలు’ అని పేరు కూడా వచ్చింది. చెమట ఒకరిది, పతకం ఇంకొకరిది!

ఇంతకంటే తీవ్రంగా ఆలోచించవలసిన సంగతి మరొకటి ఉంది. పటం మీద గీసిన ఆ రంగుగీతకు ఒక మొదలు ఉంటుంది. చాలామందికి ఆ మొదలు ఇంటి గుమ్మం. రోజూ ఎన్ని గంటలకు బయలుదేరుతారో, ఏ సందులోంచి వెళతారో, ఎక్కడ ఒంటరిగా ఉంటారో ఆ గీత చెబుతుంది. 2017 నవంబరులో స్ట్రావా సంస్థ తన సభ్యుల పరుగులన్నింటినీ కలిపి, పేర్లు లేకుండా, ఒక ప్రపంచ పటాన్ని ప్రచురించింది. రెండు నెలల తరువాత ఆస్ట్రేలియాకు చెందిన ఒక విద్యార్థి దానిని పరిశీలించి, ఎడారుల మధ్య చీకటిలో వెలుగుతున్న చిన్నచిన్న వలయాలను గుర్తించాడు. అవి సైనిక స్థావరాల చుట్టూ సైనికులు పరుగెత్తిన దారులు! 2024లో ఫ్రెంచి పత్రిక ‘లె మోండ్’ దేశాధినేతల అంగరక్షకుల పరుగులను ఇదే యాప్‌లో గమనించి, ఆ నాయకులు ఎక్కడ బస చేసేదీ తెలుసుకోవచ్చని నిరూపించింది. అంతటి రక్షణ గలవారి జాడే అంత సులభంగా దొరికినప్పుడు, తార్నాక సందుల్లోని వసతి గృహంనుంచి తెల్లవారుజామున ఒంటరిగా పరుగుకు వెళ్లే విద్యార్థిని జాడ దొరకడం ఎంతసేపు?

ఈ యాప్‌లన్నింటిలోను పరుగును తనకు మాత్రమే కనిపించేలా దాచుకొనే ఏర్పాటు, ఇంటి చుట్టుపక్కల గీతను చెరిపివేసే ఏర్పాటు సాధారణంగా ఉంటాయి. కాని వాటిని ఎవరికి వారే వెదకి పెట్టుకోవాలి. భారత పార్లమెంటు 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టాన్ని ఆమోదించింది. దాని నియమావళి 2025 నవంబరులో వెలువడింది. ముఖ్యమైన బాధ్యతలు దశలవారీగా అమలులోకి వచ్చేలా అందులో నిర్దేశించారు. పద్దెనిమిదేళ్లు నిండనివారందరూ ఈ చట్టం దృష్టిలో బాలలే. వారి సమాచారాన్ని వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. వారి కదలికలను వెన్నాడడం, వారిని లక్ష్యంగా చేసుకొని ప్రకటనలు చూపడం కూడదని చట్టం చెబుతుంది. జూనియర్ కళాశాల విద్యార్థుల్లో ఎక్కువమంది ఈ వయసు లోపలివారే. ఖాతా తెరిచేటప్పుడు పుట్టిన సంవత్సరాన్ని రెండేళ్లు వెనక్కు జరిపి రాసే అలవాటు చాలామందిలో ఉంది. అలా రాసినవారు చట్టం తమకిచ్చిన రక్షణను తామే వదులుకొన్నవారవుతారు.

చేతిలోని యాప్ ఎంత సరిగా కొలుస్తున్నదో తెలుసుకోవడానికి శాస్త్రజ్ఞుల సాయం అక్కరలేదు. కొలిచి గీసిన 400 మీటర్ల ట్రాక్ ఉన్న మైదానానికి వెళ్లాలి. అన్నింటికంటే లోపలి వరుసలో, అంచునుంచి జానెడు పైగా ఎడం ఉంచి పరుగెత్తాలి. ప్రమాణం ప్రకారం ఆ దూరాన్ని లోపలి అంచుకు 30 సెంటీమీటర్ల ఎడంలోనే కొలుస్తారు. సరిగ్గా రెండున్నర చుట్లు తిరిగితే ఒక కిలోమీటరు. ఆగి ఫోన్ చూసుకొంటే అందులో 1.03 అని ఉండవచ్చు, 0.98 అని ఉండవచ్చు. వలయాకారపు దారిలో జీపీఎస్ మరింత తడబడుతుంది కనుక ఈ పరీక్షను ఒక్కసారితో ముగించకుండా మూడు నాలుగు రోజులు చేయాలి. వచ్చిన అంకెలను ఒక నోటు పుస్తకంలో రాసుకోవాలి. పోలీసు పరీక్షకు సిద్ధమయ్యేవారికైతే ఆ ట్రాక్ మీద నాలుగు చుట్లు, మిత్రుని చేతిలో ఒక స్టాప్‌వాచ్ చాలు. ఆ పూటకు ఫోన్ సంచిలో ఉండవచ్చు.